ఫిర్యాదుల్లోంచి పుట్టిన కుండలు

శ్రీకాకుళంలో ఒక లైబ్రరీ హాల్లో, బొమ్మలు నేర్చుకుంటున్న విద్యార్థులు, ఊరివాళ్ల ముందు వంశధార ఒడ్డు గ్రామానికి చెందిన ఒక కుమ్మరి మాట్లాడిన మాటలివి. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాశాం. తడబాట్లు మాత్రం తీసేశాం.

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినపడుతోందా? మైకు నాకు అలవాటు లేదు. సంతలో అరవడం అలవాటు. కాబట్టి కరెంటు పోయినా భయపడకండి, ప్రసంగం ఆగదు.

మాస్టారు నన్ను పిలిచినప్పుడు "మీకు ప్రేరణ ఎక్కడి నుంచి వస్తుందో చెప్పండమ్మా" అన్నారు. సరేనన్నాను గానీ టెన్షన్ పట్టుకుంది. ఇంటికెళ్లి మా ఆయన్ని అడిగాను. "మనకి ప్రేరణ ఎక్కడినుంచి వస్తాది?" అంటే, తల కూడా ఎత్తకుండా "సంతలోంచి" అన్నాడు. నవ్వకండి. ఆయన సరదాకి అన్నాడు గానీ, ఎంత ఆలోచించినా అంతకంటే సరైన జవాబు నాకు దొరకలేదు. ఆ ఒక్క మాటనే ఇవాళ కొంచెం సాగదీసి చెబుతాను.

మా ఇంట్లో ఆడవాళ్లు సారె, అంటే కుండలు చేసే చక్రం, ముట్టకూడదు. మా ఇంట్లోనే కాదు, చాలా ఊళ్లలో కుమ్మరి ఇళ్లలో ఇంతే. మన్ను తవ్వొచ్చు. గంపతో మొయ్యొచ్చు. రాళ్లు ఏరొచ్చు, తొక్కొచ్చు. పచ్చి కుండ తట్టొచ్చు, ఎర్రమన్ను జాజు పుయ్యొచ్చు, కుండలు కాల్చే ఆవం పేర్చొచ్చు. నెత్తిన పెట్టుకుని సంతకి పట్టుకెళ్లి అమ్మొచ్చు. ఒక్క సారె దగ్గర మాత్రం కూర్చోకూడదు. 'అడుసు తొక్కనేల, కాలు కడగనేల' అని సామెత చెబుతారు చూడండి, ఆ సామెత కట్టింది కుమ్మరింటి ఆడపిల్ల కాదని మాత్రం గ్యారంటీగా చెప్పగలను.

2018లో ఖాదీ కమిషన్ వాళ్లు కుమ్హార్ సశక్తీకరణ్ యోజన అని పెట్టి కరెంటు సారెలు ఇవ్వడం మొదలుపెట్టారు. ఆ తర్వాత మా ఇంటికీ ఒక కరెంటు సారె వచ్చింది. మా నాన్న దాని చుట్టూ తిరిగి చూసి, స్విచ్చు వేసి, ఆపి, నా వైపు తిరిగి "ఆచారం కర్రతో తిప్పే సారెకి గానీ స్విచ్చు సారెకి ఎవులు పెట్టినారు? కూకో" అన్నాడు. అంతే. తరతరాల ఆచారం ఒక్క ప్లగ్గుతో పోయింది.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, నేను పని నేర్చుకున్నది సారె దగ్గర కాదు. సారెకి అటూ ఇటూ. మన్ను దగ్గర, తట్టుడు చెక్క దగ్గర, సంతలో గోనెపట్టా మీద. మా మామ్మ పక్కన కూర్చుని అమ్మేదాన్ని. కొనడానికి వచ్చిన మనిషి ఏం చేస్తుంది? కుండ చేతిలోకి తీసుకుంటుంది. వేలి కణుపుతో కొడుతుంది. చెవి దగ్గర పెట్టుకుంటుంది. వెలుతురుకి ఎదురుగా పట్టుకుని లోపలికి చూస్తుంది. అప్పుడు మొదలుపెడుతుంది. మూతి ఇరుకు. అడుగు మందం. మెడ పట్టు దొరకడం లేదు. పోయినసారి తీసుకెళ్లింది కారింది. కొనేదాని కంటే తిట్టేది ఎక్కువ. నాకు చిన్నప్పుడు ఒళ్లు మండిపోయేది. మా మామ్మ మాత్రం ఒక్క మాటా ఎదురు చెప్పేది కాదు, అన్నీ వినేది. రాత్రి అన్నాలు తిన్నాక మా నాన్నకి చెప్పేది: "మూతి ఇరుకైపోనాదంటరా. చెయ్యి దూరడం నేదంట." నాన్న విసుక్కునేవాడు. కానీ మళ్లీ వారం కుండల్ని చూస్తే మూతి ఒక వేలు వెడల్పు అయ్యుండేది.

దాన్ని ఎవరూ డిజైన్ అనలేదు. మీ కాలేజీలో దానికి ఏదో పేరు ఉంటుంది, నాకు తెలియదు. నాకు తెలిసింది ఏమిటంటే, సారె మీద చెయ్యి మా నాన్నది. ఆకారం మాత్రం సంతలో తిట్టిన ఆడవాళ్లది.

ఒక దాక తీసుకుందాం. ఇదిగో, చేపల పులుసు దాక. దీన్ని ముందు వరసలో అమ్మాయికి ఇస్తున్నాను, చేతులు మారుతూ వెనక్కి వెళ్లనివ్వండి. పడెయ్యకండి, పడేసినా ఏం ఫర్వాలేదు, నా దగ్గర ఇంకోటి ఉంది. అంచు చూడండి. బయటికి తిరిగి, మందంగా, వేళ్లు కింద దూరేటట్టు ఉంది కదా? మిగతా గోడంతా పల్చన. ఎందుకు? అంచు అందంగా ఉంటుందనా? చేపల పులుసు వండే అక్కలు చెప్పండి, పులుసు మరుగుతుంటే గరిటె పెడతారా? పెట్టరు. పెడితే ముక్క చితికిపోతుంది. గుడ్డతో రెండు పక్కలా అంచు పట్టుకుని దాకనే తిప్పుతారు. కాలుతున్న దాకని, లోపల పులుసు ఉండగా, పట్టుకుని గుండ్రంగా తిప్పాలంటే అంచు ఎలా ఉండాలి? ఇదిగో ఇలాగే ఉండాలి. అడుగు ఎలా ఉండాలి? పొయ్యి రాళ్ల మీద తేలిగ్గా తిరిగేలా గుండ్రంగా ఉండాలి. మూల ఉంటే అక్కడ తిరగదు. పైగా మూల దగ్గరే పగులు వస్తుంది. వేడికి మట్టి సాగుతుంది కదా, గుండ్రటి అడుగులో ఆ సాగడం అన్ని వైపులా సమానంగా పోతుంది. మూల ఉంటే అంతా వెళ్లి అక్కడ పడుతుంది. అందుకే వంటకుండలకి మన పెద్దవాళ్లు చదును అడుగు పెట్టలేదు. ఇప్పుడు గ్యాస్ స్టవ్ మీద నిలబడాలని నేను కొంచెం చదును చేస్తున్నాను. మూల రాకుండా చదును చెయ్యడం, ఆ ఒక్కటే నావి చాలా రోజులు తినేసింది.

కడవ కూడా అంతే. దాని బొజ్జ ఎవరు పెట్టారు? నడుం పెట్టింది. కడవ చంకనెత్తుకున్న మనిషి నడుం ఒంపుకి ఆ బొజ్జ ఆనాలి, మోచెయ్యి మెడ చుట్టూ తిరగాలి, నడుస్తుంటే నీళ్లు తొణక్కుండా మెడ ఇరుకవ్వాలి. ఇత్తడి బిందె చూడండి, స్టీలు బిందె చూడండి, చివరికి ప్లాస్టిక్ బిందె చూడండి. అన్నీ ఆ మెడనే పట్టుకుని వేలాడుతున్నాయి. మట్టి పోయింది, మెడ పోలేదు. మన జిల్లాలో బుడితి ఊరివాళ్లు చేసే ఇత్తడి చెంబుల్ని చూసినప్పుడల్లా నాకు అదే అనిపిస్తుంది. వాళ్లు పోత పోసినా, మేము సారె మీద లాగినా, భుజం దగ్గర అదే ఒంపు. నేను సిగ్గుపడకుండా వాళ్ల దగ్గర్నుంచి మెడ కింద ఆ రెండు గీతలు తీసుకున్నాను. అవి గీతలే కాదు, తడి చెయ్యి జారకుండా పట్టు కూడా.

కల్లు లొట్టి సంగతి చెప్పి ముందుకి పోతాను. లొట్టికి మెడ కింద తాడు పడటానికి ఒక గాడి ఉంటుంది. లోపల సున్నం రాస్తే కల్లు పులవదు, తియ్యగా దిగుతుంది, దాన్ని కాచి బెల్లం చేసుకుంటారు. సున్నం పట్టాలంటే లోపల మరీ నునుపుగా ఉండకూడదు. మా నాన్న లొట్టి లోపలి గోడని కావాలనే గరుకుగా వదిలేవాడు. చూసినవాళ్లు 'పని సరిగా రాదు' అనుకునేవారు. గీతగాళ్లకి తెలుసు.

ఇంకో సంగతి చెప్పాలి. చెవి. పెద్ద కడవ మొత్తం సారె మీద రాదు, ఇది చాలామందికి తెలియదు. సారె మీద మూతి, మెడ తయారవుతాయి, కింద మందంగా మన్ను వదిలేస్తాం. కొంచెం ఆరనిచ్చి, లోపల గుండ్రాయి పట్టుకుని, బయట చెక్కతో తట్టుకుంటూ పోతే ఆ మందం పల్చబడి పొట్ట పెరుగుతుంది. ఇదిగో ఇది సగం తట్టినది. వినండి. ఇక్కడ దబ్ దబ్ అంటోంది, మందం ఉంది. ఇక్కడ... టప్ టప్. పల్చబడింది. ఇక ఇక్కడ ఆపెయ్యాలి. కళ్లు మూసుకుని తట్టగలను నేను. చేతికి కనిపించని గోడ చెవికి కనిపిస్తుంది. మా ఇంటికి వచ్చిన ఒక కాలేజీ అబ్బాయి ఫోనులో బొమ్మ చూపించి "ఇలాంటిది చెయ్యగలరా ఆంటీ" అని అడిగాడు. చెయ్యొచ్చు బాబూ. కానీ ఫొటోకి బరువు ఉండదు, చప్పుడు ఉండదు. ఆ కుండ ఎత్తితే ఎంత ఉందో, కొడితే ఏమందో చెప్పు, అప్పుడు చేస్తాను అన్నాను. పింటరెస్ట్ చూడొద్దని కాదు. నేనూ చూస్తాను. చూసి ఫోను పక్కన పెట్టేస్తాను, అంతే.

మన్ను గురించి అడుగుతారు. చెరువు నల్ల బంకమన్ను ఒక్కటే అయితే సారె మీద ముద్దుగా లేస్తుంది, ఆరేటప్పుడు పగులుతుంది. ఏటి ఇసక కలిపితే పగలదు, కానీ లాగుతుంటే చెయ్యి ఒరుసుకుపోతుంది. ఎంత కలపాలన్నది ప్రతి చెరువుకీ మారుతుంది. తడిపి, తొక్కి, గోనె కప్పి మగ్గబెడితే మన్ను సాగుతుంది. వాసన వస్తుంది, బాగుండదు, కానీ ఆ వాసన వస్తేనే పని చెయ్యడానికి వచ్చిందని గుర్తు. మన్ను ఏది ఒప్పుకుంటుందో ఏది ఒప్పుకోదో తెలియకుండా మనం గీసుకున్న బొమ్మలన్నీ కాగితం మీదే బాగుంటాయి.

శాలిహుండం పళ్లెం

ఇప్పటిదాకా అవసరం, వాడకం అంటూ మాట్లాడాను. మరి అందం అక్కర్లేదా అని మీకు అనిపించవచ్చు. మాస్టారి మొహం చూస్తే అర్థమవుతోంది. వస్తున్నాను.

మాకు దగ్గర్లోనే శాలిహుండం. వంశధార దక్షిణపు గట్టు మీద బౌద్ధుల కొండ. దాన్ని 1919లో వెలుగులోకి తెచ్చింది మన గిడుగు రామ్మూర్తి పంతులు గారు. వాడుక భాష కోసం, మన కొండల్లో సవర గిరిజనుల భాష కోసం పాటుపడిన ఆ గిడుగే. స్తూపాల గురించి, విగ్రహాల గురించి అందరూ చెబుతారు. అక్కడ తవ్వితే కుండపెంకులు కూడా బోలెడు దొరికాయి. కొన్నిటి మీద బ్రాహ్మీ అక్షరాలు గీసి ఉన్నాయి. కుమ్మరిదానిగా నాకు విగ్రహాల కంటే ఆ పెంకుల మీద ప్రాణం.

వాటిలో ఒక రకం పళ్లెం ఉంది. రౌలెటెడ్ వేర్ అంటారు. 1945లో పురావస్తు నిపుణుడు మార్టిమర్ వీలర్ పుదుచ్చేరి దగ్గర అరికమేడు తవ్వినప్పుడు ఈ రకానికి పేరు వచ్చింది. మొదట్లో రోమన్ల దగ్గర్నుంచి ఓడల మీద వచ్చిందన్నారు. తర్వాత మట్టి పరీక్షలు చేసి, కాదు, ఇది మన దేశంలోనే తయారైందన్నారు. తూర్పు తీరం పొడుగునా దొరుకుతుంది. కళింగపట్నం పాత రేవు కదా, ఇక్కడా దొరికింది. అంచు లోపలికి తిరిగి, చాలా పల్చగా, నునుపుగా ఉంటుంది. లోపల అడుగున, వలయాలు వలయాలుగా సన్నని చుక్కల వరసలు.

ఆ చుక్కలు ఎలా వేశారు? పళ్ల చక్రం దొర్లించారని కొందరు, కాదు వంగే రేకు వాడారని కొందరు. నేను రేకు పద్ధతి పట్టుకున్నాను. పాత రంపం బ్లేడు ముక్క ఒకటి తీసుకుని, సగం ఆరిన పళ్లేన్ని సారె మీద తిప్పుతూ, ఆ రేకు కొసని అలా వదులుగా తగిలించాను. గట్టిగా నొక్కితే గీత పడుతుంది. వదిలేస్తే ఏమీ పడదు. ఆ రెండిటికీ మధ్య ఒక చోట రేకు దానంతటదే టకటకటకా ఎగరడం మొదలుపెడుతుంది. ఎగిరిన ప్రతిసారీ ఒక చిన్న గాటు. చక్రం ఒక చుట్టు తిరిగేసరికి గాట్లన్నీ వరస కట్టేస్తాయి. ఆ వరస నా చెయ్యి వేసింది కాదు. సారె వేగం, మన్ను తడి, రేకు బిగువు, మూడూ కుదిరి వేశాయి. తడి ఒక్క గంట అటూ ఇటూ అయితే రాదు. ఇదిగో ఈ పళ్లెం అదే. వేలితో తడిమి చూడండి.

నన్ను పట్టుకున్నది పద్ధతి కాదు, ఒక ప్రశ్న. అంత కష్టపడి ముగ్గు వేసినవాడు పళ్లెం లోపల, అడుగున ఎందుకు వేశాడు? కూడు పెడితే కనబడదు కదా! బయట వేస్తే పదిమందీ చూస్తారు. ఎందుకు లోపల? నాకు ఒకటే తోస్తుంది. తినేవాడి కోసం వేశాడు. తింటూ తింటూ ఉంటే మెతుకుల కింద నుంచి ఒక్కో వలయం బయటపడుతుంది. ఆఖరి ముద్ద తిన్నవాడికే మొత్తం కనిపిస్తుంది. పురావస్తువాళ్లు ఒప్పుకుంటారో లేదో నాకు అనవసరం, నాకు మాత్రం ఇది సంత మాటే. అందం కూడా వాడేవాడి చేతిలోనే పూర్తయింది. అప్పటి నుంచి నేను చోడి అంబలి, అదే రాగి అంబలి, తాగే మట్టి గ్లాసుల్లో అడుగున వలయాలు వేస్తున్నాను. పిల్లలు అడుగు కనబడేదాకా తాగుతున్నారని ఒక తల్లి చెప్పింది. ఇంతకంటే నాకు సర్టిఫికెట్ ఏం కావాలి?

ఇక్కడే ఇంకో మాట. సీతంపేట వైపు సవర గోడబొమ్మలు మీరు చూసుంటారు. ఎర్రమట్టి అలికిన గోడ మీద బియ్యప్పిండితో తెల్లగా మనుషులు, ఏనుగులు, చెట్లు, సూర్యుడు, చంద్రుడు. అవి కుండల మీద వెయ్యమని నన్ను చాలామంది అడుగుతారు. బాగా అమ్ముడుపోతాయట. నేను వెయ్యను. ఆ బొమ్మ వాళ్లు చనిపోయిన పెద్దల కోసం, దేవతల కోసం వేసుకుంటారు. ఆ బొమ్మకి ఒక పని ఉంది. దాన్ని తెచ్చి పూలకుండీ మీద అతికిస్తే పని పోతుంది, బొమ్మ మిగులుతుంది. అమ్మవారి ఘటానికి పసుపు రాసి, వేపాకు కట్టి, నెత్తిన పెట్టుకుని సంబరంలో నడుస్తాం. ఆ ఘటాన్ని తెచ్చి ఎవరో హోటల్ కౌంటర్ మీద టిప్పుల డబ్బాగా పెడితే మనకి ఎలా ఉంటుంది? అయితే ఆ గోడ ముందు నిలబడి ఒకటి మాత్రం నేర్చుకున్నాను. ఎరుపు మీద తెలుపు ఎంత తక్కువ పడితే అంత పలుకుతుంది. ఎరుపు వదిలెయ్యడం కూడా పనే. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదనుకుంటాను.

నిప్పు గురించి తొందరగా చెప్పేస్తాను, టైం అవుతోంది. మన మట్టిలో ఇనుము ఉంది. గాలి ఆడితే కుండ ఎర్రబడుతుంది. గాలి మూసేసి పొగ పెడితే నల్లబడుతుంది. మూతి బూడిదలో కప్పెట్టి కాల్చితే ఒకే కుండలో రెండు రంగులూ వస్తాయి. రెండు వేల ఏళ్ల కిందటి పెంకుల్లో కూడా ఆ నలుపు-ఎరుపు ఉంది. పలాస నుంచి జీడిపిక్కల తొక్కు తెచ్చి పొగ పెట్టి చూశాను. నూనె ఉంటుంది కదా, కాటుక లాంటి నలుపు వచ్చింది. కానీ ఆ పొగకి కళ్లు పోతాయి, తొక్కు జిడ్డు చేతికి తగిలితే పొక్కుతుంది. పిల్లలూ, మీరు చెయ్యకండి. ఆవం విప్పేదాకా ఏం వస్తుందో మాకూ తెలియదు. చెమ్మ పూర్తిగా పోకముందే మంట పెంచితే లోపల ఢాం ఢాం అని పేలతాయి. 'కుమ్మరికి ఒక యేడు, గుదియకు ఒక పెట్టు' అన్నారు. కుమ్మరి ఏడాది పని దుడ్డుకర్రకి ఒక్క దెబ్బ అని. మాకు గుదియ కూడా అక్కర్లేదు, తొందరపాటు చాలు.

వాడేవాళ్లు లేని కుండ

అసలు కష్టం ఏమిటో చెబుతాను. కుండలు అమ్ముడుపోకపోవడం కాదు. అమ్ముడుపోతున్నాయి. ఎండాకాలం నీళ్ల కుండలు, కార్తీకంలో ప్రమిదలు, పెళ్లిళ్లకి అరివేణి కుండలు, బిర్యానీ కుండలు. కష్టం ఏమిటంటే, తిట్టేవాళ్లు లేరు. బిర్యానీ కుండ ఒక్కసారి వాడి పారేస్తారు. దాని గురించి ఎవరు ఫిర్యాదు చేస్తారు? విశాఖలో ఒక హోటల్ వాళ్లు వందలకొద్దీ ఆర్డర్ ఇచ్చేవారు. అంచు ఎలా ఉండాలండీ అంటే "ఎలా ఉన్నా ఫర్వాలేదమ్మా, చవగ్గా ఉండాలి" అనేవారు. డబ్బులొచ్చాయి, కాదనను. కానీ అన్ని కుండలు చేసి నేను నేర్చుకున్నది సున్నా. షోకేసులో పెట్టేవాళ్లు కూడా అంతే. "చాలా బాగుంది" అంటారు. ఆ మాటతో నేనేం చేసుకోను? ఎక్కడ బాగోలేదో చెబితే కదా నాకు రేపు పని!

మొన్నీమధ్య ఒకావిడ మంచి ఫిర్యాదు తెచ్చింది. నెత్తిన పెట్టుకోవాలనిపించింది ఆవిణ్ని. నీళ్లు చల్లబడటం లేదంది. చూస్తే, కుండ బయట ఎవరో ఎనామెల్ పెయింటుతో పూలు వేశారు. కుండ గోడలో సన్నని రంధ్రాలుంటాయి, నీరు చెమర్చి బయటికొచ్చి ఆవిరవుతూ వేడి లాక్కుపోతుంది, అందుకే చల్లన. పెయింటు వేసి రంధ్రాలు మూసేస్తే అది కుండ కాదు, డబ్బా. ఇంకోటి తెలుసా, గాలిలో తేమ ఎక్కువుంటే చెమట ఆరదు. అందుకే కళింగపట్నంలో కంటే పాలకొండ వైపు కుండ బాగా చల్లబడుతుంది. సముద్రం పక్కవాళ్ల కోసం పొట్ట పెద్దదిగా, గోడ ఇంకొంచెం పల్చగా, గాలి ఎక్కువ తగిలేలా చేస్తున్నాను. ఈ ఆలోచన ఆ అమ్మ తిట్టింది కాబట్టి వచ్చింది.

ఇప్పుడు నా తల తింటున్నది కొళాయి. నీళ్ల కుండకి కొళాయి కావాలంటున్నారు అందరూ. పచ్చిమీద కన్నం పెడితే కాలాక అది చిన్నదవుతుంది, కొంచెం వంకర కూడా పోతుంది. రబ్బరు వాషరు వేసి బిగిస్తే, చుట్టూ గోడ గుండ్రంగా ఉంటుంది కాబట్టి వాషరు సమానంగా ఆనదు, కారుతుంది. ఎక్కువ బిగిస్తే పగులుతుంది. ఇప్పుడు కన్నం చుట్టూ అరచెయ్యంత మేర చెక్కతో తట్టి చదును చేసి చూస్తున్నాను. దానివల్ల కుండకి ఒక కొత్త మొహం వచ్చింది, నాకైతే నచ్చింది. కారడం ఇంకా పూర్తిగా ఆగలేదు.

అందుకని ఇవాళ అలాంటి కుండలు కొన్ని తెచ్చాను, ఆ బల్ల కింద ఉన్నాయి. డబ్బులు వద్దు. వాడతానని మాటిచ్చినవాళ్లే తీసుకెళ్లండి, షోకేసులో పెట్టేవాళ్లు వద్దు. మొదటి రెండు రోజులు నీళ్లు పోసి పారబోయండి. కొళాయి దగ్గర కారుతుందా, ఎటువైపు నుంచి కారుతుంది, ఎన్నాళ్లకి మొదలైంది, నాచు పడుతోందా, కడగడానికి చెయ్యి లోపలికి దూరుతోందా, ఇవన్నీ చూసుకుని మాస్టారికి చెప్పండి, ఆయన నాకు ఫోన్ చేస్తారు. ఇంట్లో అటక మీద పాత బాన, పాత గోలెం ఏదైనా ఉంటే మూతి ఎన్ని అంగుళాలో, దేనికి వాడేవారో అమ్మమ్మల్ని అడిగి రాసుకురండి. ఫొటో ఒక్కటే తెస్తే ఊరుకోను.

ఇక బయట వరండాలో సారె పెట్టాం. చెయ్యి పెట్టాలనుకున్నవాళ్లు ఉంగరాలు, వాచీలు తీసెయ్యండి. పన్నెండింటికి కరెంటు తీస్తారని వాచ్‌మ్యాన్ చెబుతున్నాడు, బేగి రండి. ప్రశ్నలు అక్కడే అడగండి, నాకు చేతిలో మన్ను ఉంటేనే మాట బాగా వస్తుంది.